ఆ రోడ్డు మీద మళ్లీ నడవాలంటే

నేర బాధితుల మనోగాయానికి వర్చువల్ రియాలిటీ చికిత్స: ఎందుకు? ఎలా?

కళ్లకు పెట్టెలాంటి అద్దాలు తగిలించి, ఏ చోటును తలచుకుంటే వణుకు పుడుతుందో ఆ చోటునే మళ్లీ చూపిస్తారు. అలా చూడగా చూడగా వణుకు తగ్గుతుందంటారు. వర్చువల్ రియాలిటీ చికిత్స గురించి మొదటిసారి విన్న ఎవరికైనా ఒక అనుమానం వస్తుంది. అసలే దెబ్బతిన్న మనిషి. ఆ దెబ్బ తగిలిన చోటునే మళ్లీ చూపించడమేమిటి, మానబోయే గాయాన్ని కెలకడం కాదా? అనుమానం న్యాయమైనదే. తొందరపడి, సరైన మనిషి పక్కన లేకుండా చేస్తే నిజంగానే కెలకడం అవుతుంది. ఓపికగా, పద్ధతిగా చేస్తే ఎందుకు మేలు చేస్తుందో తెలియాలంటే ముందు భయం ఎలా పనిచేస్తుందో చూడాలి.

సిద్దిపేటలో ఒక గృహిణిని ఊహించుకుందాం. ఆమె నిజంగా ఉన్న మనిషి కాదు, కానీ ఇలాంటి కథ తెలియని బస్తీ ఉండదు. సాయంత్రం కోమటిచెరువు కట్ట దాకా నడిచి ఇంటికి తిరిగొస్తోంది. వెనక నుంచి బండి మీద ఇద్దరు వచ్చి మెడలో పుస్తెలతాడు తెంపుకుపోయారు. ఆమె కిందపడింది, మోచెయ్యి గీరుకుపోయింది. పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చారు. పది రోజులకు చెయ్యి మానింది. రెండు నెలలు దాటినా ఆమె మాత్రం చెరువు వైపు పోవడం లేదు. తర్వాత కూరగాయల మార్కెట్ మానేసింది. ఆ తర్వాత పిల్లవాడిని బడి దగ్గర దింపడం మానేసింది. ఇంటి ముందు బండి సప్పుడైతే చెయ్యి దానంతటదే మెడ మీదికి పోతుంది. ఆ బండి భర్తదే అయినా అంతే. రాత్రి నిద్రలో ఉలిక్కిపడి లేస్తుంది. ‘పాణం పోలే, బంగారమే గద పోయింది, ఊకో బిడ్డా’ అంటుంది అత్త. జడుసుకున్నదని ఒకసారి తాయత్తు కట్టించారు. ఇంట్లో అందరూ ప్రేమగానే ఉన్నారు, కానీ ఆమె ఇంట్లోంచి కదలడం లేదు.

జరిగిపోయింది కదా, మనసు ఎందుకు వదలదు?

మామూలు జ్ఞాపకానికి ఒక తేదీ, ఒక మొదలు, ఒక ముగింపు ఉంటాయి. పోయిన ఏడు బతుకమ్మ నాడు ఏం చేశామో తలచుకుంటే, అది అప్పటి సంగతని మనసుకు తెలుసు. ప్రాణభయం కలిగిన క్షణం అలా నమోదు కాదు. మెదడులో ప్రమాదాన్ని పసిగట్టే ఎమిగ్డలా అనే చిన్న భాగం ఆ క్షణంలో విపరీతంగా పనిచేస్తుంది. సంఘటనను కాలంలో, చోటులో సరిగ్గా అమర్చే హిప్పోక్యాంపస్ పని దెబ్బతింటుంది. అందుకే బండి సప్పుడు, మెడ మీద లాగిన నొప్పి, మట్టివాసన ముక్కలు ముక్కలుగా మిగిలిపోతాయి. వాటిలో ఏ ముక్క తగిలినా శరీరం ‘ఇప్పుడే జరుగుతోంది’ అన్నట్టు స్పందిస్తుంది. గుండె కొట్టుకుంటుంది, చెమట పడుతుంది, కాళ్లు పారిపోవాలని చూస్తాయి. ఆమెకు ధైర్యం లేదనో, మనసు బలహీనమనో అనుకోకూడదు. ప్రాణం కాపాడటానికి పుట్టిన ఏర్పాటు, ప్రమాదం దాటిపోయాక కూడా ఆగకుండా మోగుతోంది.

ఈ స్థితిని వైద్యులు పీటీఎస్‌డీ (పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్) అంటారు. అమెరికా మానసిక వైద్యుల సంఘం తన రోగ నిర్ధారణ గ్రంథంలో దీనికి చోటిచ్చింది 1980లో. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల బాధ అందుకు ఒక కారణం. దానికి ఆరేళ్ల ముందే, 1974లో, ఆన్ బర్జెస్ అనే నర్సు, లిండా హోమ్‌స్ట్రమ్ అనే సామాజిక శాస్త్రవేత్త బోస్టన్‌లోని ఆసుపత్రికి వచ్చిన అత్యాచార బాధితులతో మాట్లాడి, వాళ్లందరిలో కనిపించిన లక్షణాలను ఒక చోట రాశారు. సైనికుడి భయం, బాధితురాలి భయం ఒకే దారిలో నడుస్తాయని లోకానికి అర్థం కావడానికి ఆ రాత చాలా సాయపడింది.

ఇక్కడ ఒక ఊరట కలిగించే సంగతి ఉంది. ఇలాంటి దెబ్బ తిన్న అందరూ జబ్బు పడరు. 1992లో బార్బరా రాత్‌బామ్, ఎడ్నా ఫోవా అనే మనస్తత్వవేత్తలు, వారి సహచరులు అత్యాచారానికి గురైన 95 మంది మహిళలను వారం వారం గమనించారు. దాదాపు రెండు వారాలప్పుడు 94 శాతం మందిలో పీటీఎస్‌డీ లక్షణాలన్నీ ఉన్నాయి. మూడు నెలలకు అవి 47 శాతం మందిలోనే మిగిలాయి. అంటే కొందరికి మనసు తనంతట తానే కుదుటపడుతుంది. మిగతావారికి మాత్రం ఎదురుచూస్తే సరిపోదు. అందుకే మొదటి రోజుల్లోనే కళ్లద్దాలు తెచ్చి తగిలించాల్సిన పని లేదు. అప్పుడు కావాల్సింది భద్రత, నిద్ర, నమ్మే మనిషి, వైద్యం. బాధితురాలిని కూర్చోబెట్టి వెంటనే జరిగిందంతా చెప్పించి దుఃఖం కక్కించాలన్న పాత పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 నాటి మార్గదర్శకాల్లోనే వద్దంది. మొదటి నెలలో భయం తగ్గడానికని మత్తు కలిగించే బెంజోడయజపైన్ బిళ్లలు ఇవ్వడం కూడా వద్దంది. మన దగ్గర ఈ రెండూ మంచి ఉద్దేశంతోనే ఇంకా జరుగుతున్నాయి.

భయపడేదానికి దూరంగా ఉంటే తప్పేమిటి?

దూరంగా ఉండటం ఆ క్షణానికి నిజంగా హాయినిస్తుంది. చిక్కంతా ఆ హాయిలోనే ఉంది. కట్ట వైపు పోకుండా ఇంటికి తిరిగొచ్చిన ప్రతిసారీ మనసు ‘పోలేదు కాబట్టే బతికాను’ అనే పాఠం నేర్చుకుంటుంది. పోయినా ఏమీ కాకుండా తిరిగి రాగలనని నేర్చుకునే అవకాశమే రాదు. భయం మెల్లగా పక్క రోడ్డుకు, ఆ పక్క మార్కెట్‌కు, చివరికి గడపదాకా పాకుతుంది.

దీన్ని తిప్పికొట్టే పద్ధతి కొత్తది కాదు. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వవేత్త కుందేలంటే హడలిపోయే ఒక పసివాడికి ఇష్టమైన తిండి పెడుతూ, కుందేలును రోజుకు కొంచెం దగ్గరగా తెచ్చి భయం పోగొట్టింది. 1950ల్లో జోసెఫ్ వోల్పీ అనే మానసిక వైద్యుడు భయాన్ని మెట్లుగా విడగొట్టి, ఒక్కో మెట్టు ఎక్కించే పద్ధతి స్థిరపరిచాడు. మనోగాయానికి దాన్ని మలిచి, దశాబ్దాల పాటు పరీక్షించి నిలబెట్టింది ఎడ్నా ఫోవా.

మన పల్లెల్లో బాయిల ఈత నేర్పినట్టే ఉంటుంది ఇది. నీళ్లంటే భయపడే పిల్లవాడికి నడుముకు బెండు కడతారు, పెద్దవాడొకడు నీళ్లలో పక్కనే ఉంటాడు. మొదటి రోజు మెట్టు మీద కూర్చుని కాళ్లు తడుపుకోవడమే. తర్వాత నడుము దాకా. బెండు ఒక్కొక్కటే విప్పేసేది చివర్లో. ఒడ్డు మీద కూర్చోబెట్టి ఎంత బోధించినా ఈత రాదు. పట్టి బాయిలోకి తోసేస్తే ఆ పిల్లవాడు జన్మలో నీళ్ల దగ్గరికి రాడు. చికిత్సలో నేర్పంతా ఈ రెండింటి నడుమే ఉంటుంది.

ఒక ముఖ్యమైన సంగతి. ఇలా నేర్చుకున్నాక పాత భయం చెరిగిపోదు. ‘బండి అంటే ప్రమాదం’ అనే పాత జ్ఞాపకం పక్కన ‘చాలా బండ్లు నా పక్క నుంచే పోయాయి, ఏమీ కాలేదు’ అనే కొత్త జ్ఞాపకం బలపడుతుంది. చెరిగిపోయిందనుకున్న పాతది మళ్లీ తలెత్తగలదని రష్యా శాస్త్రవేత్త పావ్‌లోవ్ కుక్కలతో చేసిన ప్రయోగాల్లోనే గమనించాడు. అందుకే ఒకే చోట సాధన చేస్తే చాలదు. పగలు, రాత్రి, వాన, జనం, నిర్మానుష్యం, అన్నింటిలో చేయాలి. వర్చువల్ రియాలిటీ అక్కరకొచ్చేది ఇక్కడే.

మరి నేరుగా కట్ట మీదికే తీసుకుపోవచ్చు కదా?

పోగలిగితే పోవాలి. దాన్ని మించింది లేదు. మన గృహిణి విషయంలో మంచి కౌన్సెలర్ చివరికి చేయించేది కూడా అదే. కానీ నిజమైన రోడ్డు మన చేతిలో ఉండదు. మొదటి రోజే వెనక నుంచి ఎవరో హారన్ కొట్టుకుంటూ దూసుకుపోతే మూడు వారాల శ్రమ నీళ్లపాలు. రోడ్డు మీద ఆమె ఏడిస్తే చుట్టూ జనం మూగుతారు. ‘ఎవరి కోడలు? ఏమైంది?’ అని అడుగుతారు. చిన్న పట్టణంలో ఆ ప్రశ్నే ఒక శిక్ష. కొన్ని చోట్లకు అసలు పోలేం: దాడి చేసినవాడి ఇల్లు ఉన్న వీధి, దోపిడీ జరిగిన రాత్రి బస్సు, బలవంతంగా పని చేయించిన గది.

కళ్లు మూసుకుని ఊహలో ఆ చోటికి పోయి, జరుగుతున్నది జరుగుతున్నట్టే చెప్పడం మరో దారి. ఫోవా పద్ధతిలో అదే ప్రధానం. చాలామందికి అది చాలు. కొందరు మాత్రం ఊహించబోతే మొద్దుబారిపోతారు. మాటలు వస్తాయి, మనసు రాదు. వార్త చదివినట్టు చెప్పేస్తారు. వాళ్లకు చోటు కళ్ల ముందు నిలబడితే తప్ప ముడి కదలదు. 2001 సెప్టెంబర్ 11 దాడుల నుంచి బయటపడిన ఒక యువతికి ఊహలో చేసిన చికిత్స పనిచేయకపోతే, న్యూయార్క్‌లో జోఆన్ డిఫీడ్, హంటర్ హాఫ్‌మన్ అనే మనస్తత్వవేత్తలు వర్చువల్ దృశ్యాలతో చేశారు. ముందు భవనాల పక్క నుంచి విమానం ఊరికే ఎగిరిపోవడం, తర్వాత తర్వాత ఒక్కో మెట్టు. ఆమె కోలుకున్న తీరును 2002లో ప్రచురించారు. ఆ తర్వాతే ఈ పద్ధతి మీద చాలామందికి గురి కుదిరింది.

ఆ పెట్టెలో ఏముంటుంది? మెదడు ఎలా నమ్ముతుంది?

రెండు కళ్లకు రెండు చిన్న తెరలు. ఒక్కో కన్ను కొంచెం తేడాతో చూసే బొమ్మ వల్ల లోతు కనిపిస్తుంది. తల ఏ వైపు ఎంత తిరిగిందో పెట్టె కనిపెట్టి, అదే క్షణంలో దృశ్యాన్ని తిప్పుతుంది. ఈ పని సెకనులో యాభయ్యో వంతులో జరిగిపోతేనే మెదడు నమ్ముతుంది. ఆలస్యమైతే తల తిప్పుడు, వాంతి వచ్చినట్టుండటం. 1968లో కంప్యూటర్ శాస్త్రవేత్త ఐవాన్ సదర్లాండ్ తయారుచేసిన తొలి పరికరం బరువు మోయలేక పైకప్పుకు వేలాడదీయాల్సి వచ్చింది. ఇప్పుడు అలాంటి పరికరం ఒక మంచి స్మార్ట్‌ఫోన్ ధరకు దొరుకుతోంది.

ఇది బొమ్మేనని చూసేవారికి పూర్తిగా తెలుసు. అయినా వర్చువల్ భవనం అంచున నిలబెడితే కాళ్లు వణుకుతాయి. ఆలోచించే మెదడు ‘ఇది అబద్ధం’ అని చెప్పేలోపే భయపడే మెదడు పని మొదలుపెడుతుంది. చికిత్సకు ఈ ఎడమే ఆధారం: భయం నిజం, ప్రమాదం అబద్ధం. 1995లో రాత్‌బామ్, కంప్యూటర్ శాస్త్రవేత్త లారీ హాడ్జెస్ కలిసి ఎత్తులంటే భయపడే విద్యార్థులను వర్చువల్ లిఫ్టులు, వంతెనలు ఎక్కించి ఈ సంగతి నిరూపించారు. తర్వాత వియత్నాం సైనికులకు హెలికాప్టర్, అడవి దృశ్యాలు తయారుచేశారు. ఆ పైన స్కిప్ రిజ్జో బృందం ఇరాక్, అఫ్ఘానిస్థాన్ సైనికుల కోసం బ్రేవ్‌మైండ్ అనే వ్యవస్థను కట్టింది. ఈ చరిత్రలో ఎక్కువ భాగం సైనికులదే. నేర బాధితుల వంతు ఆలస్యంగా వచ్చింది, ఇంకా పూర్తిగా రాలేదు.

ఒక్కో సిట్టింగ్ ఎలా జరుగుతుంది?

మొదటి రెండు మూడుసార్లు కళ్లద్దాల ఊసే ఉండదు. కౌన్సెలర్ ఆమె చెప్పింది వింటుంది. భయం ఎలా పనిచేస్తుందో, పైన చెప్పుకున్నదంతా, ఆమె భాషలో వివరిస్తుంది. తనకు పిచ్చి పట్టలేదని, ఇలా చాలామందికి అవుతుందని, దీనికి దారి ఉందని తెలియడమే సగం మందికి పెద్ద ఊరట. నెమ్మదిగా ఊపిరి వదలడం నేర్పుతుంది. ఆ తర్వాత ఇద్దరూ కలిసి ఒక నిచ్చెన రాస్తారు. కింద మెట్టు మీద పగటిపూట ఆగి ఉన్న బండి. దాని పైన, ఎదురుగా దూరం నుంచి వచ్చే బండి. ఆ పైన, పక్క నుంచి మెల్లగా పోయే బండి. వెనక నుంచి వచ్చే సప్పుడు ఇంకా పైన. సాయంత్రం, తక్కువ జనం, వెనక నుంచి ఇద్దరెక్కిన బండి నెమ్మదించడం అన్నిటికన్నా పైన. ప్రతి మెట్టుకూ భయాన్ని సున్నా నుంచి నూరు దాకా ఆమే కొలుస్తుంది. ఈ కొలత వోల్పీ కాలం నుంచీ ఉన్నదే.

తర్వాత అద్దాలు. ఆమె కుర్చీలో కూర్చుంటుంది లేదా నిలబడుతుంది. కౌన్సెలర్ ముందు కంప్యూటర్ ఉంటుంది. వెలుగు, జనం, చప్పుడు, బండి దూరం అన్నీ అక్కడి నుంచి మారుస్తుంది. నడుమ నడుమ మాట్లాడుతూనే ఉంటుంది.

‘అక్కా, ఇప్పుడు నూటికి ఎంతుంది భయం?’

‘అరవై ఉంటది మేడం. గుండె దడదడ అంటంది.’

‘ఉండనియ్యండి. నేను పక్కనే ఉన్న. బండి అక్కడ్నే ఉన్నది. చూస్తనే ఉండుండ్రి.’

కొంతసేపటికి ఆ అరవై యాభై అవుతుంది, నలభై అవుతుంది. ఏమీ చేయకపోయినా, పారిపోకపోయినా భయం దానంతటదే దిగుతుందని ఆమె శరీరంతో తెలుసుకునే ఆ నిమిషాల కోసమే ఈ ఏర్పాటంతా. ఒక్కోసారి దిగదు. దిగకపోయినా, భయంతోనే అక్కడ నిలబడగలిగిందన్న సంగతి లెక్కలోకి వస్తుంది. అదే మెట్టును వేర్వేరు వెలుగుల్లో, వేర్వేరు చప్పుళ్లలో చేయిస్తారు. సులువయ్యాకే పై మెట్టు.

ఆమె ‘చాలు’ అంటే దృశ్యం ఆగిపోవాలి. ఇందులో బేరం లేదు. నేరం జరిగిన క్షణంలో ఆమె చేతిలోంచి లాక్కున్నది బంగారం ఒక్కటే అయితే మనసు ఇంత దెబ్బతినేది కాదు. ఏం జరగాలో నిర్ణయించుకునే హక్కు ఆ క్షణంలో ఆమెకు లేకుండా పోయింది. చికిత్స గదిలో ఆ హక్కు ఆమె చేతికి తిరిగి రావాలి. ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎక్కడ ఆగాలో, ఏ మెట్టు ఎక్కాలో ఆమే చెప్పాలి. ఈ ఒక్కటీ లేకపోతే ఎంత ఖరీదైన పరికరమైనా మరో బలవంతమే.

అద్దాలు తీశాక వెంటనే ఇంటికి పంపరు. చివరి భాగం మాట్లాడుకోవడం. తరచూ లోపల దాగిన మాటలు అప్పుడే బయటికొస్తాయి: ‘పుస్తెలతాడు పోయిందంటే మా ఆయనకు ఏమైనా అయితదేమో అని భయం’, ‘నేనే బంగారం ఏసుకొని పోయిన, తప్పు నాదే.’ ఈ రెండో మాట చాలామంది బాధితుల గొంతులో అడ్డం పడి ఉంటుంది. దాన్ని విప్పడం ఏ యంత్రానికీ చేతకాదు. వారానికి ఒకటి రెండుసార్లు, గంటన్నర చొప్పున, ఎనిమిది నుంచి పదిహేను సిట్టింగులు ఈ రకం చికిత్సకు మామూలు లెక్క. నడుమ రోజుల్లో ఇంటి దగ్గర సాధన ఉంటుంది. గుమ్మం ముందు పది నిమిషాలు నిలబడటంతో మొదలై, ఆడబిడ్డనో పక్కింటావిడనో తోడు తీసుకుని వీధి చివరదాకా, ఒక రోజు మార్కెట్‌దాకా పోవాలి. అద్దాలలో ఎక్కిన మెట్టును నేల మీద ఎక్కకపోతే లెక్క పూర్తికాదు.

లైంగిక దాడికి గురైనవారికి కూడా ఇలాగే చూపిస్తారా?

దాడిని చూపించరు. ఎవరైనా చూపిస్తామంటే అక్కడి నుంచి లేచి వచ్చేయాలి. సైన్యంలో లైంగిక హింసకు గురైనవారి కోసం బ్రేవ్‌మైండ్‌లో తయారుచేసిన దృశ్యాల్లో గదులు, గుడారాలు, కార్యాలయాలు, వీధులు ఉంటాయి. దాడి ఉండదు. చుట్టూ ఉన్న పరిసరం మాత్రం కళ్ల ముందుంటుంది, జరిగింది ఆమె నోట, ఆమె చెప్పగలిగినంత మేరకు, ఆమె చెప్పదలచినప్పుడే వస్తుంది. ఈ పద్ధతిని 15 మంది మాజీ సైనికులతో పరీక్షించి 2019లో ఫలితాలు వెలువరించారు. లక్షణాలు బాగా తగ్గాయి. కానీ అది చిన్న పరిశోధన, పోల్చడానికి చికిత్స అందని మరో బృందం అందులో లేదు.

నిజంగా పనిచేస్తుందా?

పనిచేస్తుంది, కానీ అమ్మేవాళ్లు చెప్పేంత అద్భుతం కాదు. 2016లో గ్రెగ్ రెగర్ బృందం 162 మంది అమెరికన్ సైనికులను మూడు భాగాలు చేసింది. కొందరికి వర్చువల్ చికిత్స, కొందరికి కళ్లు మూసుకుని చెప్పే పాత పద్ధతి, కొందరు నిరీక్షణ జాబితాలో. మొదటి రెండు బృందాలూ మూడో బృందం కన్నా బాగుపడ్డాయి. మూడు నెలలు, ఆరు నెలల తర్వాత చూస్తే మాత్రం పాత పద్ధతివాళ్లే ఒకింత ముందున్నారు. కాబట్టి తర్ఫీదు పొందిన మంచి కౌన్సెలర్ ఉన్న చోట, పరికరం లేదని ఎవరూ దిగులుపడనక్కర్లేదు.

మరోవైపు 2022లో ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన డేనియల్ ఫ్రీమన్ బృందం ప్రచురించిన ప్రయోగం ఆశ కలిగిస్తుంది. తీవ్ర మానసిక వ్యాధితో ఇల్లు కదలలేని 346 మందితో, బస్సు, దుకాణం, వీధి, డాక్టరు దగ్గర వేచి ఉండే గది వంటి మామూలు చోట్ల సాధన చేయించారు. బయటికి పోవాలంటే ఉన్న భయం తగ్గింది, అందరికన్నా ఎక్కువ మేలు పొందింది అందరికన్నా ఎక్కువ భయపడినవాళ్లే. అది మనోగాయం కాదు, వేరే జబ్బు. అయినా గడప దాటలేని మనిషిని వీధిలోకి తేవడంలో ఈ పరికరానికి నిజమైన బలం ఉందని అది చెబుతోంది.

ఇది అందరికీ సరిపోదు. మూర్ఛ ఉన్నవారికి, ఉన్నట్టుండి చుట్టూ ఉన్న లోకం స్పృహ తప్పిపోయేవారికి, చనిపోవాలన్న ఆలోచనలు బలంగా ఉన్నవారికి ముందు వేరే చికిత్స కావాలి. కొట్టే భర్తతో ఒకే ఇంట్లో ఉంటున్న స్త్రీకి భయం పోగొట్టే చికిత్స చేయడం తప్పు. ఆమె భయం రోగం కాదు, సరైన హెచ్చరిక. ఆమెకు ముందు కావాల్సింది భద్రమైన చోటు. చిన్నపిల్లలకు చాలా పరికరాలు తయారీదారుల నిబంధన ప్రకారమే పనికిరావు. పిల్లల మనోగాయానికి తల్లినో తండ్రినో కలుపుకుని ఆట, మాట, బొమ్మల ద్వారా చేసే చికిత్సకు గట్టి ఆధారాలున్నాయి. దాన్ని పక్కన పెట్టి వాళ్లకు కళ్లద్దాలు తగిలించడం ముచ్చట కోసం చేసే పనే అవుతుంది.

కేసు నడుస్తుండగా చికిత్స తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు, తీసుకోవాలి. కోర్టు తీర్పు వచ్చేదాకా మనసు ఆగదు. జాగ్రత్త ఒకటుంది. కౌన్సెలర్ తయారుచేసిన దృశ్యంలోని వివరాలు బాధితురాలి జ్ఞాపకంలో కలిసిపోకూడదు. నిందితుడి పోలికలున్న బొమ్మలు, ఆమె చెప్పని సంగతులు దృశ్యంలో పెట్టకూడదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 183వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ ముందు వాంగ్మూలం ముందే నమోదై ఉంటే బాధితురాలికీ కౌన్సెలర్‌కూ నిశ్చింత. గోప్యత మరో సంగతి. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం చికిత్స వివరాలను దాచే హక్కు రోగికి ఇచ్చింది. లైంగిక నేర బాధితుల గుర్తింపును బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. చూపు ఎటు పోయింది, చెయ్యి ఎలా వణికింది అన్నది కూడా ఈ పరికరాలు నమోదు చేయగలవు. ఆ సమాచారం ఏ కంపెనీ సర్వర్లకు పోతోందని అడగడం బాధితురాలి హక్కు. అద్దాలు తగిలించే ముందే జవాబు చెప్పడం చికిత్స చేసే కేంద్రం బాధ్యత.

బాధితుల్లో చాలామందికి నేరం జరిగిన చోటు కన్నా కోర్టు బోనే ఎక్కువ భయం. బలహీన సాక్షుల కోసం ప్రతి జిల్లాలో ప్రత్యేక వాంగ్మూల కేంద్రం ఉండాలని సుప్రీంకోర్టు 2022 జనవరిలో ఆదేశించింది. కోర్టు గది ఎలా ఉంటుంది, జడ్జి ఎక్కడ కూర్చుంటారు, తాను ఎక్కడ నిలబడాలి అన్నది ముందే వర్చువల్ దృశ్యంలో చూసి రాగలిగితే ఆ భయం సగం తగ్గుతుంది. ఇందులో పాత గాయాన్ని తాకే పనే లేదు, ప్రమాదం తక్కువ, ఖర్చూ తక్కువ. మన జిల్లాల్లో ఈ పరికరాన్ని ముందుగా వాడాల్సింది ఇక్కడేనని నా నమ్మకం.

సిద్దిపేట లాంటి చోట ఇది ఎలా కుదురుతుంది?

కుదరడానికి పునాది కొంత ఉంది. తెలంగాణ పోలీసులు 2016 మేలో హైదరాబాద్‌లో మొదలుపెట్టిన భరోసా కేంద్రం ఆలోచన చాలా విలువైనది. బాధితురాలు స్టేషన్‌కు, ఆసుపత్రికి, వకీలు దగ్గరికి, కోర్టుకు విడివిడిగా తిరిగి, పోయిన ప్రతిచోటా మొదటి నుంచీ చెప్పుకునే అవస్థ లేకుండా అన్నీ ఒకే చోట పెట్టారు. 2018 ఏప్రిల్‌లో అక్కడే పిల్లలు భయపడకుండా చెప్పుకునే కోర్టు కూడా ఏర్పడింది. తర్వాత ఆ కేంద్రాలు జిల్లాలకు విస్తరించాయి. హింసకు గురైన మహిళలకు సాయపడేందుకు కేంద్ర ప్రభుత్వ పథకం కింద 2015లో మొదలైన సఖి కేంద్రాలు జిల్లాల్లో పనిచేస్తున్నాయి. సిద్దిపేటలో ప్రభుత్వ వైద్య కళాశాల 2018లో వచ్చింది. వైద్య కళాశాలకు మానసిక వైద్య విభాగం తప్పనిసరి. పోలీసు, సఖి, ఆసుపత్రి ఈ మూడూ ఒకే పట్టణంలో ఉండటం చిన్న సంగతి కాదు.

కొరత మనుషులది. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ 2015-16లో పన్నెండు రాష్ట్రాల్లో చేసిన జాతీయ సర్వే ప్రకారం మానసిక సమస్యల్లో 70 నుంచి 92 శాతం దాకా చికిత్స అందనివే. ఆ పన్నెండులో తెలంగాణ లేదు గానీ, మన పరిస్థితి అందుకు పెద్దగా భిన్నమని అనుకోవడానికి కారణం కనిపించదు. ఇలాంటప్పుడు కొత్త పరికరం కొని, రిబ్బన్ కత్తిరించి, ఫొటోలు దిగి, దాన్ని వాడే తర్ఫీదు ఎవరికీ ఇవ్వకపోతే ఆర్నెల్లకు అది బీరువాలో పడుతుంది. ముందు కౌన్సెలర్‌కు పక్కా ఉద్యోగం, మనోగాయ చికిత్సలో నెలల తరబడి శిక్షణ, పైన సలహా చెప్పే మానసిక వైద్యుడు. ఆ తర్వాత పరికరం. ఈ వరుస తిరగబడితే నష్టపోయేది బాధితురాలే.

రెండో కొరత దృశ్యాలది. విదేశాల్లో తయారైన వీధిలో మన గృహిణికి భయం వేయదు, ధైర్యమూ రాదు. ఆమెకు కావాల్సింది రాజీవ్ రహదారి పక్కన బస్సు కోసం నిలబడే చోటు, ఏడు సీట్ల ఆటో, సంత నాటి రద్దీ, పత్తి చేనుకు పోయే మట్టిదారి, సందులో వెనక నుంచి వచ్చే పల్సర్ సప్పుడు. 360 డిగ్రీల కెమెరాతో ఇలాంటి చోట్లను చిత్రించడం ఇవాళ కష్టమేమీ కాదు. ఇంజినీరింగ్ విద్యార్థులు, కౌన్సెలర్లు కలిసి కూర్చుంటే సిద్దిపేట, గజ్వేల్, హుస్నాబాద్, దుబ్బాక వీధులు సిద్ధమవుతాయి. ఏ వీధి, ఏ వేళ, ఏ చప్పుడు కావాలో చెప్పాల్సింది మాత్రం బాధితులతో పనిచేసేవాళ్లే. చిత్రంలో పడే ముఖాలను చెరిపేయాలి. అనుమతులు తీసుకోవాలి.

అప్పటిదాకా అవసరం ఉన్నవాళ్లు ఆగాల్సిన పని లేదు. నేరం జరుగుతుంటే, ప్రమాదం ఎదురుగా ఉంటే 112. మహిళలకు 181, పిల్లలకు 1098. మనసు సంగతి తెలుగులో మాట్లాడుకోవడానికి టెలీ మానస్ 14416, ఇది 2022 అక్టోబర్ నుంచి పనిచేస్తోంది. ఉచిత న్యాయ సహాయానికి 15100. లైంగిక దాడి, యాసిడ్ దాడి బాధితులకు ప్రభుత్వ ఆసుపత్రైనా ప్రైవేటుదైనా వెంటనే ఉచితంగా వైద్యం చేయాలని నాగరిక్ సురక్షా సంహిత 397వ సెక్షన్ చెబుతోంది. నష్టపరిహారానికి 396వ సెక్షన్ ఉంది, దరఖాస్తు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఇవ్వాలి. నెల దాటినా పీడకలలు, ఉలికిపాటు, ఇల్లు కదలలేకపోవడం తగ్గకపోతే మానసిక వైద్య విభాగానికి పోయి, మనోగాయానికి చికిత్స కావాలని అడగాలి. అక్కడ ఎవరైనా కళ్లద్దాల మాట ఎత్తితే అడగాల్సినవి ఇవి: పక్కన కూర్చునేది ఎవరు, వాళ్లు ఈ చికిత్స ఎక్కడ నేర్చుకున్నారు, ఏం చూపిస్తారో ముందే చెబుతారా, నేను చాలంటే ఆపుతారా?